పడుకోబెట్టడం మరిచిన కార్లు

2022 ఎండాకాలం. ధర్మవరంలో మా ఇంటి ముందుగదే నా డిజైన్ గది. పట్టుచీరలో ఏ బొమ్మ రావాలన్నా ముందు దాన్ని గ్రాఫ్ మీదికి ఎక్కించాలి. గ్రాఫ్ అంటే సన్న గళ్ల కాగితం. ఆ గళ్లను చూసి అట్ట కార్డులకు బొక్కలు కొడతారు. కార్డులన్నీ దండగా కుట్టి మగ్గం మీదున్న జకార్డు యంత్రానికి తగిలిస్తే, ఏ పోగు లేవాలో ఏ పోగు అణగాలో అదే చూసుకుంటుంది. నలభై ఏళ్లుగా నాది గ్రాఫ్ గీసే పని. అక్షరాలు ముప్పై దాటాక నేర్చుకున్నాను. గళ్లు అంతకు చాలా ముందే వచ్చాయి. ఇప్పుడందరూ కంప్యూటర్లో గీస్తున్నారు. నేను గీయను. కాగితం మీద కావాలన్నవాళ్లే నా దగ్గరికి వస్తారు.

ఒకరోజు ఉరవకొండ నుంచి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. కూతురు శైలజకు ముప్పై ఏళ్లుంటాయి. ఆడవాళ్లకు కారు నేర్పే డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. తండ్రి రామాంజి లారీ నడిపి నడిపి మానుకున్నవాడు. నెలన్నరలో ఆమె పెళ్లి. ముహూర్తం చీర కావాలన్నారు.

"అంచులో ఏం గీయాలమ్మా? ఏనుగులా, హంసలా?"

"కార్లు గీయి పెద్దాయనా. రేసు కార్లు. చిన్నప్పుడు టీవీలో బొమ్మల కతల్లో వస్తాండె చూడు, పొడుగు ముక్కు, పెద్ద చక్రాలు, ఎనకాల గీతలు గీతలుగా గాలి. అట్లాంటివి."

నేను రామాంజి వైపు చూశాను. ఆయన చేతులెత్తేశాడు.

"నన్ను చూడాకప్పా. పెండ్లిపీటల మీద కార్లేందని మా అక్క ఒకటే పోరు. ఈయమ్మ ఇంటాదా?"

"నువ్వు మాట్లాడొద్దు నాయనా. నాకంటే ముందు టీవీ ముందర కూచునేది నువ్వే."

రామాంజికి నవ్వు ఆగలేదు. "నిజమేలే. ఆ పిల్లోడు గేరు మార్చకుండానే కొండ ఎక్కేస్తాడప్పా! ఒగసారి కారుతో గాల్లోకి లేస్తే మళ్ల వారం దాకా కిందికి దిగడు. పెట్రోలు పోసుకునేది ఒక్కనాడన్నా చూడలే."

"నాయన టీవీని తిడతాండె, ఈడ బ్రేకు ఏయల్ల, ఆడ క్లచ్చి తొక్కల్ల అని. నేను బండి నేర్చుకునింది అట్లనే. స్టీరింగు పట్టుకోవల్లని ఆశ పుట్టింది ఆ కార్లను చూసే."

ఆ కార్టూన్ల గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా వీధికి కేబుల్ వచ్చిన కొత్తలో ఒక్క ఇంట్లోనే టీవీ ఉండేది. పిల్లలు లోపల నేల మీద, నేను గుమ్మం దగ్గర. మాటలు హిందీయో ఇంగ్లీషో, నాకు ఒక్క ముక్క తెలిసేది కాదు. తెలియాల్సిన పనీ లేదు. ముందున్నవాడెవడు, వెనకపడ్డవాడెవడు, అంతే కదా కథ. చాలా రేసులు మన సీమ లాంటి నేల మీదే జరిగేవి: ఎర్రమట్టి, గుండ్రాళ్లు, బ్రహ్మజెముడు. తమ ఊరి కొండ అవతలే తీస్తారని చిన్నప్పుడు నమ్మానని శైలజ చెప్పింది.

నా కన్ను కార్ల మీద కంటే వెనక నేల మీద ఉండేది. ఒక గుండు, ఒక జెముడు చెట్టు, మళ్లీ అదే గుండు. "అదో, అదే రాయి మళ్లీ వచ్చె!" అని అరిస్తే పిల్లలు "ఊరుకో నాయనా" అని కసిరేవాళ్లు. ఒకే బొమ్మ తిరిగి తిరిగి రావడాన్ని మా పనిలో రిపీట్ అంటాం. కార్డుల దండ చుట్టు తిరిగితే మొదటి బొమ్మే మళ్లీ వస్తుంది. అక్కడా అంతే. కారు ఉన్నచోటే ఉంటుంది, నేల చుట్టు తిరుగుతుంది. ఎక్కడో ఒక దేశంలో నాలాంటివాడొకడు కూర్చుని ఈ పని చేశాడని తెలిసి, అప్పట్లో నాకు కడుపు నిండినట్టయింది.

ఇన్నేళ్లకు మళ్లీ ఆ సంబరంతోనే శైలజ చీర గ్రాఫ్ ముందు కూర్చున్నాను. లేవకుండా గీశాను. పొడుగు ముక్కు కారు, వెనక గాలి గీతలు, చక్రాల కింద రెండు గుండ్లు. కార్డులు కొట్టించి నాగరత్నకు ఇచ్చాను. నా గ్రాఫులు ఇరవై ఏళ్లుగా నేస్తున్న మనిషి.

వారానికి చూడబోయాను. గజం పైన నేసింది. ఆమె భుజం మీదుగా అంచు చూసి నిలబడిపోయాను.

అంచు చీర పొడవునా సాగుతుంది, మగ్గం మీద నేసేవాళ్లకు నిలువుగా కనిపిస్తుంది. కట్టుకుంటే అడ్డం తిరిగి పాదాల చుట్టూ వస్తుంది. అక్కడ ఏనుగు కాళ్ల మీద నడవాలంటే గ్రాఫ్ మీద దాన్ని పక్కకు పడుకోబెట్టి గీయాలి. ఈ పనిలో మొదటి రోజు చెప్పే పాఠం అది. నేను కారును టీవీలో చూసినట్టే నిలువుగా గీసేశాను. ఈ చీర కడితే కార్లన్నీ ముక్కు నేలకేసి పడిపోతుంటాయి. అదీ పెళ్లిపీటల మీద.

"ఆపు నాగరత్నా. కార్లు నిలబడినాయి."

"అవున్నా, ఎంత బాగుండాయి! నేను మగ్గం ఎక్కినప్పట్నుంచి ఏనుగూ పండుకోనే ఉంటాది, హంసా పండుకోనే ఉంటాది. ఇవొక్కటే నా తట్టు సరిగ్గా కూచున్యాయి. వాళ్లే అట్లా అడిగినారేమో అనుకుంటి."

జరిగిన తప్పు చెప్పాను. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. విప్పితే జరీ నలుగుతుంది, పట్టు పోగు చెడుతుంది. కొత్తగా పడుగు పోగులు వేసి మొదలెడితే ముహూర్తానికి అందదు. వాళ్లు వద్దంటే ఆమె వారం కష్టం మట్టిపాలు.

దారి కూడా తనే చెప్పింది: "ఇది నడుముకు చెక్కే మొదలన్నా. మీద ఇంకో చుట్టు వస్తాది. నువ్వు కార్డులు మార్చి తీసుకరా, నేను నేసుకుంటా పోతా. ఎవురు చూస్తారు?"

ఆ మాట పట్టుకుని రెండు రోజులు నోరు మూసుకున్నాను. సిగ్గే కారణం, ఇంకేమీ కాదు. మూడో రోజు తట్టింది: చీర కట్టుకునే మనిషి మొదట చేత్తో పట్టుకునేది ఆ భాగాన్నే. లోకానికి దాగినా ఆమెకు దాగదు. శైలజకు ఫోన్ చేశాను.

మర్నాడే వచ్చారు. రామాంజి మగ్గం పక్కన నిలబడి మెడ వంచాడు.

"ఏమప్పా! బండ్లన్నీ లోయలోకి దూకుతాండాయే. ఒక్కనికీ బ్రేకు లేదా?"

"గీసిన తప్పు నాది. నేసినామెది కాదు" అన్నాను.

"పెండ్లిలో మా అక్క చూస్తే నన్ను బతకనిస్తాదా?"

శైలజ మగ్గం దగ్గరికి వచ్చింది. నాగరత్నను లేవమని అడిగి, మగ్గం గుంటలో కాళ్లు పెట్టి ఆమె చోట కూర్చుంది. అక్కడి నుంచి చూస్తే కార్లన్నీ చక్రాల మీద ఉన్నాయి. చాలాసేపు చూసింది.

"నాయనా, ఈడ కూచోని చూడు. అచ్చం టీవీనే." తర్వాత నాగరత్న వైపు తిరిగింది. "అక్కా, ఇంగ మిగతా చీరంతా నీకు పండుకోనే కనిపిస్తాదా?"

"అంతేమ్మా. నేసేవాళ్లకు ఎప్పుడైనా అంతే."

"అయితే ఈ గజం ఇట్లే ఉండనీ. ఈడ్నించి ముందుకు నాకు తిప్పి నెయ్యి. ఇది నీది."

నాగరత్న నేసిన గజాన్ని అరచేత్తో ఒకసారి నిమిరింది. "సరేగానీ లెయ్యమ్మా, బాగానే కూచున్యావు. నాకు పనుండాది" అంది.

కార్లను పడుకోబెట్టి గ్రాఫ్ మళ్లీ గీశాను. చీర ముహూర్తానికి రెండు రోజుల ముందే అందింది.

నలభై ఏళ్లు నేను బొమ్మను కట్టుకునేవాళ్ల వైపు నుంచే చూశాను. దాన్ని అందరికంటే ఎక్కువసేపు చూసేది నేసే మనిషి. ఆ మనిషికి నేను ఒక్క బొమ్మనూ నిలబెట్టి చూపించలేదు. అది తెలియడానికి నాకొక తప్పు కావాల్సి వచ్చింది. ఇప్పుడు ప్రతి చీరకూ, నడుముకు చెక్కే మొదట్లో ఒక్క రిపీట్ నిలువుగా గీస్తున్నాను. కొనేవాళ్లకు ముందే చెబుతాను. వద్దంటే మానేస్తాను. ఇంతవరకు వద్దన్నవాళ్లు ఇద్దరే.

మొన్న నాగరత్న మగ్గానికి హంసల అంచు వేశాను. మొదటి హంస పూర్తి కాగానే ఫోన్ చేసింది.

"అన్నా, లేచి నడుస్తాంది."