ఠీక్ రూమ్ కాదు, దీక్ రూమీ

అర్థం కాని మాటకి "ఠీక్" అనేసి, ఒక పెద్దావిడ నోటికాడ ముద్ద ఆపేసిన ఘనురాలిని నేను. మీరు నవ్వుతారని తెలుసు. కాస్త ఆగి నవ్వండి, ముందుంది అసలు ముప్పు.

బహ్రెయిన్‌లో, రిఫాలోని ఒక విల్లాలో ఇంటిపనికి చేరి అప్పటికి మూడు వారాలు. ఆ ఇంటి పెద్దావిడని అందరూ యుమ్మా అంటారు, అంటే అమ్మ. ఆరుగురు కొడుకులున్నా ఆవిడ ప్రాణమంతా పెరట్లోని టర్కీ కోడిపుంజు మీదే. పొద్దున్నే రొట్టె తుంచి దానికి పెట్టాకే తను తినేది. గూడు ఊడ్చి గింజలు వేయడం నా పని. సరిగ్గా ఆ సమయానికే కోనసీమ నుంచి మా అమ్మ ఫోను. అమ్మకి చెవుడేం లేదు గానీ, మాట సముద్రం దాటాలంటే గట్టిగా అరవాలని మా ఇద్దరి నమ్మకం.

ఆ రోజు అమ్మతో ఫోనులో అరుస్తూనే గింజలు వేసి లోపలికి రాగానే యుమ్మా అడిగింది. "దీక్ రూమీ... బాబ్?"

నాకు వచ్చిన అరబ్బీ రెండే ముక్కలు: యల్లా అంటే పద, ఖలాస్ అంటే అయిపోయింది. హిందీ ఇంకో నాలుగు ముక్కలు ఎక్కువ. అందుకని నాకు "ఠీక్ రూమ్?" అని వినిపించింది. కొత్తగా వచ్చిన పిల్ల కదా, గది బాగుందా అని అడుగుతోంది కాబోలు! ఎంత మంచి మనసో అని నా కళ్ళు చెమర్చాయి.

"ఠీక్ రూమ్, యుమ్మా! చాలా ఠీక్!" అన్నాను తల అడ్డంగా, నిలువుగా అన్నివైపులా ఊపి.

దీక్ రూమీ అంటే టర్కీ కోడి, బాబ్ అంటే తలుపు. ఆవిడ అడిగింది కోడి గూటి తలుపు వేశావా అని. నేను వేయలేదు.

ఈ సంగతి నాకు చెప్పింది డ్రైవర్ యూసుఫ్ భాయ్, ఆయనది కరీంనగర్. అప్పటికే గూడు ఖాళీ, యుమ్మా పళ్ళెం పక్కకి నెట్టేసింది.

"అది వస్తేనే తింటదట చెల్లె. పొద్దుగాలనే షుగర్ గోలీ ఏస్కున్నది. తినకపోతే కండ్లు తిరిగి పడ్తది," అన్నాడు.

భయం వేస్తే నాకు నోరు ఆగదు. "మా నాన్న పిట్టల్ని పిలవడంలో మొనగాడు భాయ్! నేను కూత వేస్తే ఏ పక్షైనా వచ్చి వాలాల్సిందే!" అన్నాను. నిజానికి మా నాన్న పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. ఆయన జన్మలో పిలిచింది మా అమ్మని ఒక్కదాన్నే, అదీ మూడోసారికి గానీ పలికేది కాదు.

కారులో బయలుదేరాం. వీధి మలుపులో యూసుఫ్ భాయ్ హారన్ కొట్టాడు. "గట్టి సప్పుడు ఇంటే అది ఊకోదు. జవాబిస్తది, సూడు."

పాం!

"గ్లబగ్లబగ్లబ!" అని ఖాళీ స్థలం గోడ వెనక నుంచి జవాబు వచ్చింది. జాడ దొరికింది గానీ కోడి దొరకలేదు. మేము పది అడుగులు వేస్తే అది ఇరవై అడుగులు పోతుంది.

"ఉరుకకు. గోడకు కూసోని ఆడకోడి లెక్క పిలువు. పిలుస్తనంటివి గద!" అన్నాడు.

కూర్చుని "కో... కో... కో..." అన్నాను. ఒక పిల్లి వచ్చింది. గొంతు మార్చి మళ్ళీ అన్నాను. ఇంకో పిల్లి వచ్చింది.

"మాషాల్లా! పిల్లులైతే మంచిగ వస్తున్నయ్," అన్నాడు యూసుఫ్ భాయ్.

అప్పుడు మోగింది ఫోను. పొద్దున చెప్పడం మరిచిపోయిందేదో చెప్పడానికి మళ్ళీ అమ్మ.

"అమ్మా! ఇప్పుడు కాదు, పెట్టెయ్!" అని అరిచాను.

"గ్లబగ్లబగ్లబ!"

"ఎవడే అది?" అంది అమ్మ.

"కోడే అమ్మా!"

"గ్లబగ్లబ!" ఈసారి ఇంకా దగ్గరగా.

"కోడి గొంతు అలాగుంటదేంటే? మగోడు నవ్వుతున్నట్టుంటే!"

"ఆపకు చెల్లె!" అని యూసుఫ్ భాయ్ గుసగుసలాడాడు. "నీ గొంతుకే వస్తున్నది. మాట్లాడు!"

వచ్చింది. తోక విసనకర్రలా విప్పి, రెక్కలు నేలకి రాస్తూ, పెళ్ళిపీటల మీదికి వస్తున్నట్టు వచ్చింది. నేను నడిస్తే నడిచింది, నోరు మూస్తే ఆగిపోయింది. అందుకని రెండు వీధులూ ఆపకుండా మాట్లాడాను. వంకాయ కూర ఎలా చేస్తానో చెప్పాను, ఎండ ఎలా ఉందో చెప్పాను. ప్రతి మాటకీ వెనకనుంచి "గ్లబగ్లబ" అని వంత.

"మాట మార్చకే! ఆ ఎనకాల ఎవరు?" అని అమ్మ ఒకటే గోల.

గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న యుమ్మా మమ్మల్ని చూసి కడుపు పట్టుకుని నవ్వింది. రొట్టె తుంచి దానికి ఒక ముక్క పెట్టి, తను ఒకటి నోట్లో వేసుకుంది. ఆ ముక్క లోపలికి పోవడం చూశాక నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ నన్ను దగ్గరికి లాక్కుని ఏదో అంది.

యూసుఫ్ భాయ్ నవ్వాపుకుంటూ చెప్పాడు. "రోజు పొద్దుగాల ఫోన్ల నువ్వు ఒర్రేది ఇని, అది నిన్ను ఆడకోడి అనుకుంటున్నదట. ఆరుగురు కోడండ్లు ఉన్నరు గని, గిసొంటి కోడలు దొరకలేదంటున్నది!"

ఆ గూటి గడియ పట్టుకుని ప్రమాణం చేశాను. అర్థం కాని మాటకి ఈ జన్మలో "ఠీక్" అనను. తలుపు వేయకుండా ఫోను ఎత్తను. పడవ ఇంజన్లు బాగుచేసిన మా నాన్నని ఇంకెప్పుడూ పిట్టల్ని పిలిచే మొనగాణ్ణి చేయను. ఈ రోజు వరకూ మాట తప్పలేదు.

అమ్మ మాత్రం నమ్మలేదు. ఇప్పటికీ ఫోను పెట్టేసే ముందు గొంతు తగ్గించి, బిడియంగా అడుగుతుంది.

"ఆయన తిన్నాడా?"