బ్రేకు మేడం కొన్న వ్యాను

ఊళ్లో సగం మందికి కారు నడపడం నేర్పింది ఆవిడే. డ్రైవింగ్ స్కూలు కారులో ఆవిడ కూర్చునే పక్కసీటు దగ్గర ఇంకో బ్రేకు ఉండేది. నేర్చుకునేవాళ్లు గాభరాపడి ఏ గోడ మీదికో, ఏ పాలబండి మీదికో పోతుంటే ఆవిడ కాలు చడీచప్పుడు లేకుండా దాని మీద పడేది. అలా బ్రేకు మేడం అనే పేరు స్థిరపడిపోయింది. కూరగాయల దుకాణంలో కూడా అదే పేరు.

ఆవిడ భర్త సిటీబస్సు డ్రైవరు. ఉద్యోగమంతా ఒకే రూటు, స్టేషను నుంచి పెద్దాసుపత్రి దాకా, మళ్లీ వెనక్కి. “ఇంత దూరం తిరిగీ ఊరు దాటనివాణ్ణి ప్రపంచంలో నేనొక్కణ్ణే” అని నవ్వేవాడు. ఆ నవ్వు కళ్లపరీక్షతో ఆగింది. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకొస్తోందని డాక్టరు చెప్పాడు. చుక్కల మందు వేస్తే నెమ్మదిస్తుంది గానీ, పోయిన చూపు తిరిగి రాదట. తాళంచెవి డిపోలో ఇచ్చేసి వచ్చాక ఆయన చాలా రోజులు సోఫాలోంచి లేవలేదు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి అన్నాడు.

“కొండల్లో ఆ పెద్ద సరస్సుందే, దాన్ని చూడాలనుంది. హోటల్లో దిగి కాదు. పొద్దున్న కళ్లు తెరవగానే ఎదురుగా నీళ్లుండాలి.”

అలా మొదలైంది వ్యాను కోసం వెతుకులాట. లోపలే మంచం, పొయ్యి, మడతబల్ల ఉన్న పాత క్యాంపర్ వ్యాను ఒకటి ఊరి చివర అమ్మకానికి దొరికింది. అమ్మే దంపతులు మర్యాదస్తులు. పూలపూల కర్టెన్లు ఉతికి ఇస్త్రీ చేసి మరీ వేలాడదీశారు. ఆవిడ టైర్లు చూసింది, అద్దాలు చూసింది, వీధి చివరిదాకా నడిపి చూసింది. బానెట్ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. “ఇప్పుడే ఒక రౌండు తిప్పుకొచ్చాం, మీకు ఆలస్యం కాకూడదని” అన్నాడు అమ్మేవాడు. ఎంత మంచివాళ్లో అనుకుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ఏం బయటపడుతుందో అప్పటికి ఆవిడకి తెలియదు.

మొదటి ప్రయాణంలో ఊరు దాటి ఎత్తు రోడ్డు ఎక్కుతుండగా టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు పాకింది. ఆవిరి పొగలా లేచింది. వ్యానుని పక్కకి తీసి, బానెట్ ఎత్తి, ఇద్దరూ లోపలికి తొంగిచూశారు. ఒకరు జీవితమంతా బస్సు నడిపినవాడు, ఒకరు జీవితమంతా నడపడం నేర్పినావిడ. పెళ్లిలో పిలవని చుట్టాల్లా నిలబడ్డారు ఇద్దరూ.

“మీకేమైనా తెలుస్తోందా?” అంది.

“బస్సు ఆగితే డిపోకి ఫోను చేసేవాణ్ణి. వాళ్లొచ్చి చూసుకునేవాళ్లు” అన్నాడు.

ఆవిడ తమ్ముడికి ఫోను చేసింది. అతనిది పుస్తకాలూ పెన్నులూ అమ్మే దుకాణం. ఇంజిన్ల గురించి ఫోన్లో వీడియోలు చూడటం అతనికి వ్యసనం. “అక్కా, అది థర్మోస్టాటే, ఇంజిన్ వేడిని అదుపులో ఉంచేది. కళ్లు మూసుకుని మార్పించెయ్. బావని కంగారుపడొద్దని చెప్పు” అన్నాడు.

థర్మోస్టాట్ మార్పించారు. అదే ఎత్తు దగ్గర మళ్లీ ఆవిరి. దగ్గర్లోని గ్యారేజీవాడు రేడియేటర్ కడిగి, గొట్టాలు మార్చి, తన వీధిలో రెండు చుట్లు తిప్పి, “అమ్మా, బండి బంగారం” అన్నాడు. వాడి వీధిలో బంగారమే. ఊరు దాటితే మాత్రం మొరాయించేది. అన్నిటికన్నా ఆవిడని తినేసిన సంగతి వేరే ఉంది. ఎన్ని నీళ్లు పోసినా తగ్గిపోతున్నాయి, కింద మాత్రం చుక్క తడి లేదు. పొద్దున్నే లేచి నైటీ మీదే వీధిలోకి వెళ్లి, వ్యాను కింద అట్టముక్క పరిచి చూసేది. అట్ట పొడిగా ఉండేది. నీళ్లు ఎటు పోతున్నాయో చెప్పగల మనిషే లేడు.

తమ్ముడు రోజుకో రోగం పేరు చెప్పేవాడు. ఒక రోజు ఆవిడ, “ఒరేయ్, నువ్వు ఇంకేం చెప్పకు, నీ పుణ్యముంటుంది” అని ఫోను పెట్టేసింది. ఆ తర్వాత అతన్ని కసిరినందుకు బాధపడింది. అతను మాత్రం ఏం చేస్తాడు.

ఈలోగా కళ్లడాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లే రోజు వచ్చింది. బయటికొచ్చి మెట్లు దిగేటప్పుడు ఆయన ఆవిడ భుజం పట్టుకున్నాడు. అంతకుముందు ఎప్పుడూ పట్టుకోలేదు.

చివరికి బైపాసు పక్కనున్న వర్క్‌షాపుకి తీసుకెళ్లారు. అక్కడి మెకానిక్ నడివయసు మనిషి, మాటలు తక్కువ. రాత్రంతా వ్యానుని అక్కడే ఉంచమని, మర్నాడు ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు వాళ్ల ఎదుటే స్టార్ట్ చేశాడు. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ గుప్పున వచ్చింది. రేడియేటర్ మూత తీసి ఉంచితే నీళ్లలోంచి బుడగలు, ఆగకుండా. అతను ఒక గాజుగొట్టంలో నీలం రంగు ద్రవం పోసి, దాన్ని రేడియేటర్ మూతి మీద బిగించాడు.

“ఇంజిన్లో మండిన గాలి నీళ్లలోకి వస్తోందేమో ఇది చెప్తుంది. నీలంగానే ఉంటే పర్లేదు. పసుపు పచ్చగా మారితే మాత్రం ఇంజిన్ పైభాగం, హెడ్డు దగ్గర లీకున్నట్టు” అన్నాడు.

ముగ్గురూ గొట్టం చుట్టూ నిలబడ్డారు. బుడగలు నీలంలోంచి పైకి లేస్తున్నాయి. ఆయన మెడ అటూ ఇటూ తిప్పి గొట్టాన్ని చూపులోకి తెచ్చుకోవాలని చూశాడు. ఆ మూల చీకటి, అందులో గొట్టం వేలంత సన్నం.

“రంగు మారిందా?” అని అడిగాడు.

నీలం అప్పటికే ఆకుపచ్చగా తిరిగి, అడుగు నుంచి పసుపెక్కుతోంది.

“ఇంకా లేదండీ” అంది ఆవిడ.

మెకానిక్ ఆవిడ వైపు చూశాడు. వెళ్లి ఇంజిన్ ఆపేశాడు.

“మారిందా?” మళ్లీ అడిగాడు ఆయన.

మెకానిక్కే మెల్లగా చెప్పాడు. “మారింది సార్. హెడ్డు విప్పి చూస్తాను. అంతకుముందే మాట ఇవ్వలేను.”

విప్పాక సంగతంతా బయటపడింది. హెడ్డు చీలింది, దాని కిందున్న ఇంజిన్ బ్లాకులో కూడా వెంట్రుకంత గీత. ఆ సందుల్లో అంతకుముందెవరో పోసిన లీకు ఆపే పొడి గట్టిపడి ఉంది. నీళ్లు కిందికి కారడం లేదు, ఇంజిన్లోకే పోయి ఆవిరైపోతున్నాయి. ఆ రకం ఇంజిన్లు తయారవడం ఎప్పుడో ఆగిపోయింది. మెకానిక్ తనకి తెలిసిన పాత సామాన్ల వాళ్లందరికీ ఫోన్లు చేశాడు. ఎవరి దగ్గరా లేదు.

ఆవిడ అమ్మినవాళ్లకి ఫోను చేసింది. “మా దగ్గరున్నప్పుడు బాగానే ఉందండీ, మీరెలా నడిపారో మరి” అందొక గొంతు. ముందు రోషం వచ్చింది, కాసేపటికి అదీ పోయింది. రోషం ఉంచుకుని ఎవరి మీద చూపించాలి.

ఇంటికొచ్చాక, “నాకెందుకు అబద్ధం చెప్పావు?” అన్నాడు ఆయన. కోపంగా కాదు.

“ఇంకో నిమిషం నీలంగా ఉండనిద్దామనిపించింది” అంది.

ఆయన తలూపాడు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

విడిభాగాల కింద అమ్మేసిన వ్యానుని తీసుకెళ్లడానికి లారీ వచ్చిన పొద్దున, దుప్పట్లూ గిన్నెలూ దింపేసుకున్నారు. తాడుతో లారీ మీదికి లాగుతారు, లాగేటప్పుడు ఎవరో ఒకరు లోపల కూర్చుని స్టీరింగు సూటిగా పట్టుకోవాలన్నాడు లారీవాడు.

ఆవిడ తలుపు మీద చెయ్యి వేసింది.

“నేను కూర్చుంటా” అన్నాడు ఆయన.

లారీవాడు ఆయన చేతిలో కర్ర చూసి సందేహపడ్డాడు. ఆవిడ పక్కకి తప్పుకుంది. ఆయన తడుముకుంటూ ఎక్కి, సీటు సర్దుకుని, రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నాడు. తాడు బిగిసింది. ఆవిడ లారీ పక్కన నిలబడి, “కొంచెం ఎడమకి… చాలు, అలాగే ఉంచండి” అంటుంటే, ఆయన ఆ మాటకి తగ్గట్టు వేలెడంత మేర తిప్పుతూ, వ్యానుని వాలుపలక మీదుగా నిదానంగా, ఎక్కడా అంచు తాకకుండా పైకి ఎక్కించాడు.

“సూటిగా ఎక్కిందా?” అన్నాడు పైనుంచి.

“ఎక్కింది” అంది ఆవిడ. ఈసారి అది నిజమే.

ఆయన దిగడానికి కాసేపు పట్టింది. లారీవాడు తొందరపెట్టలేదు.