గిరగిరా తిరిగే సున్నా

ఆ దర్జీ మెడలోని టేపు తీయకుండానే కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. సుద్ద అంటిన వేళ్లు చొక్కాకు తుడుచుకుని, సూదిలో దారం ఎక్కిస్తున్నంత జాగ్రత్తగా మౌస్ కదుపుతాడు. పక్కగదిలో మంచం పట్టిన భార్యను పెద్ద డాక్టరుకు చూపించాలి. ఆసుపత్రివాళ్లు అపాయింట్‌మెంట్లు రోజూ పొద్దున్నే వెబ్‌సైట్‌లో పెడతారు. అవి చూస్తుండగానే అయిపోతాయి. పేజీ తెరుచుకునేదాకా తెర మీద సున్నా గిరగిరా తిరుగుతున్నంతసేపూ అతను ఊపిరి బిగబట్టుకుంటాడు. "ఏమండీ, దొరికిందా?" అని లోపల్నుంచి ఆవిడ అడుగుతుంది. "ఇంకా తిరుగుతోంది," అంటాడు. చివరికి ఖాళీలు లేవని వస్తుంది. తప్పంతా బ్రౌజర్‌దేనని అతని గట్టి నమ్మకం. కుట్టు సరిగా పడకపోతే సూది మార్చినట్టు బ్రౌజర్లు మారుస్తూ వచ్చాడు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లను కూడా చేతులు చాపించి, "మీరేది వాడతారు? మధ్యలో మొరాయించదు కదా?" అని ఆరా తీస్తాడు.

నిన్న కూతురు వచ్చి కొత్త బ్రౌజర్ ఎక్కించింది. "దీన్ని మించింది లేదు నాన్నా. నొక్కడమే ఆలస్యం," అంది. ఈ పొద్దున నొక్కాడు. నిజంగానే సున్నా తిరగలేదు. ఊపిరి బిగబట్టేలోపే పేజీ మొత్తం తెరుచుకుంది: ఖాళీలు లేవు. మళ్లీ నొక్కాడు. అంతే వేగంగా అదే మాట. టేపు కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కాసేపు కూర్చున్నాడు.

"ఏమండీ, దొరికిందా?"

దర్జీ కొత్తదాన్ని మూసేసి పాత బ్రౌజర్ తెరిచాడు. సున్నా మెల్లగా కదిలేదాకా ఆగి, గొంతు సవరించుకున్నాడు.

"ఇంకా తిరుగుతోంది."