రికార్డులో ఉల్లిపాయ

మొన్న ఆదివారం, చైతన్యపురి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా చెల్లెలి మనవరాలు ఎల్బీనగర్‌లోని మా ఇంటికి భోజనానికి వచ్చి, వాళ్ల యూనివర్సిటీ కోర్సు నియమాలు ఫోనులో చూపిస్తూ, ఒకరోజు ఆలస్యమైతే పదిశాతం మార్కులు కోస్తారట, స్నేహితులతో చర్చించుకోవచ్చుగాని ఎవరిది వాళ్లే రాయాలట, పైగా ఎవరి సాయం తీసుకున్నారో చివర పేరు రాయాలట అని తెగ గొణిగింది. "గిదేంది అమ్మమ్మా, పేరు రాస్తే మార్కులు కట్ చెయ్యరా?" అని అది అడిగేసరికి నాకు మా ప్రాక్టికల్ రికార్డు గుర్తొచ్చింది.

మా బీయస్సీ రోజుల్లో నియమాలు అచ్చులో ఉండేవి కావు, మా బోటనీ సారు నోట్లో ఉండేవి. ఆయనా మా నల్లగొండవైపు మనిషేగాని, సొంత వైపువాళ్లమని వీసమెత్తు జాలైనా చూపించే రకం కాదు. చెప్పిన రోజు సాయంత్రం నాలుగింటికల్లా ప్రాక్టికల్ రికార్డు బల్లమీద లేకపోతే సంతకం లేదు, సంతకం లేకపోతే పరీక్షకు రానివ్వరు, ఇక ఏడాదంతా నీళ్లపాలే. లారీ డ్రైవరైన మా నాన్న, ఒక్కసారి తప్పినా పుస్తకాలు మూటగట్టుకుని ఊరికి రావాల్సిందేనని ముందే చెప్పి పంపాడు. సరిగ్గా ఆ ఏడాదే అమ్మను దవాఖానలో చేర్పించారని కబురొస్తే వెళ్లి, రెండు వారాల ప్రయోగాలు పోగొట్టుకుని, రికార్డు ఇవ్వాల్సిన రోజు పొద్దున్నే ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు దిగాను.

దిల్‌సుఖ్‌నగర్ కిరాయి గదిలో నాతో ఉంటూ నా క్లాసులోనే చదివే స్నేహితురాలు గుంటూరు వైపు పిల్ల. మామూలుగా ఆమె 'అండి'కి నేనూ, నా 'ఎట్ల'కి తనూ నవ్వుకునేవాళ్లం. ఆవేళ నా మొహం చూసి ఏమీ అడక్కుండా తన రికార్డు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. చెయ్యి గుంజుతున్నా ఆపకుండా మక్కికి మక్కి దించేసి, నాలుగుకు ఐదు నిమిషాలుండగా బల్లమీద పెట్టి, గండం గడిచిందనుకున్నాను.

మర్నాడు సారు నన్ను క్లాసు ముందుకు పిలిచి, వేరు కొనలో కణవిభజన ప్రయోగం రాసిన పేజీ తెరిచి, అందులో గీసిన గడ్డ బొమ్మ చూపించి, "ఏమ్మా, దీన్ని మీ ఇంట్ల ఏమంటరు?" అని మెత్తగా అడిగాడు. పుస్తకంలో నీరుల్లి అని ఉంటుంది. నేనేమో అమాయకంగా, ఉల్లిగడ్డ అంటాం సార్ అన్నాను.

"మరి నీ రికార్డుల ఉల్లిపాయ ఏడికెల్లి మొలిచింది?"

క్లాసంతా గొల్లున నవ్వింది. ఎవరిది చూసి రాశావో చెప్పు, లేదంటే సంతకం లేదన్నాడు సారు. చెబితే నా స్నేహితురాలు పోతుంది, చెప్పకపోతే నేను పోతాను. అప్పుడు మూడో బెంచీలోంచి తనే లేచింది. "మేమిద్దరం కలిసే చేశామండి" అంది. సారు నావైపు తిరిగి, నిజమేనా అని అడిగాడు. కాదు సార్, చేసింది ఆమె, ఎక్కించుకున్నది నేను అనాల్సింది. మా నాన్న మొహం కళ్లముందు మెదిలింది. తలూపాను.

సారు ఇద్దరికీ సంతకం పెట్టి, ఇద్దరికీ సగం మార్కులు కోశాడు. నేను గట్టెక్కి, తర్వాత బడిపంతులమ్మనై రిటైరు కూడా అయ్యాను. తనకు మాత్రం కొద్దిలో ఫస్టు క్లాసు తప్పింది, దానిమీదే ఆశపెట్టుకున్న ఎమ్మెస్సీ సీటూ తప్పింది. ఒక్కనాడూ నన్నొక మాట అనలేదు, అని ఉంటే బాగుండేది. గది ఖాళీ చేసి వెళ్లిపోయాక, సిగ్గుతో నేనొక ఉత్తరమైనా రాయలేదు.

ఆ గది ఉన్న వీధి నిండా ఇప్పుడు కోచింగ్ బోర్డులే. పిల్లల మాటలు కూడా ఎంతగా కలగలిసిపోయాయంటే, ఉల్లిపాయ దగ్గర ఇప్పుడెవరూ దొరకరు. పేరు రాయి బిడ్డా, మార్కులు పోతే పోనీ అని మనవరాలికి చెప్పాను. మా రికార్డులో సారు సంతకానికే తప్ప స్నేహితురాలి పేరుకు చోటు లేదని ఇన్నేళ్లూ నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. కాని ఆరోజు సారు నన్ను అడిగాడు కదా, చోటు అప్పుడే ఉంది, నేనే చెప్పలేదు.