బాపు ఫైబర్ కారు... ఆరని అతుకు

మా చిన్నప్పుడు... ఒమన్‌లోని సలాలాలో కంపెనీ క్వార్టర్ ముందు, బాపు, అంటే మా నాన్న, ఒక కారు చుట్టూ తిరుగుతూ అస్తమానం దాన్ని తట్టి చూసేవాడు. ఫైబర్ గ్లాస్ కారండీ అది! తడితే ప్లాస్టిక్ బకెట్‌లా మోగేది. అమ్మ దానికి "డబ్బా" అని పేరు పెట్టింది.

కంపెనీలో ఒక ఇంగ్లీషు ఇంజనీరు దాన్ని విడిభాగాలుగా పెట్టెల్లో తెప్పించుకుని, సగం బిగించి, విసుగొచ్చి, బాపుకు చవగ్గా ఇచ్చేసి తన దేశం వెళ్లిపోయాడు. కింద ఏదో పాత కారు ఇంజను, చక్రాలు... పైన ఈ ఫైబర్ ఒళ్లు. బాపు కంపెనీ లారీల మెకానిక్. డ్యూటీ దిగగానే దాని కింద దూరేవాడు.

సరదాకి అనుకునేరు! అంతకు ముందు ఏడాది అమ్మకు నొప్పులొచ్చిన రోజు కంపెనీ పికప్ సైట్‌కు పోయింది. అది తిరిగొచ్చేసరికి ఆలస్యమైపోయింది... మాకు తమ్ముడు దక్కలేదు. ఇప్పుడు మళ్లీ అమ్మకు నెలలు నిండుతున్నాయి.

"ఈపారి ఎవ్వని బండి కోసం ఎదురుసూసేది లేదు" అనేవాడు బాపు, ఎవరూ అడక్కుండానే.

ఎట్టకేలకు కారు స్టార్టయింది. శుక్రవారం పూజ. చక్రాల కింద నిమ్మకాయలు, పసుపు, కుంకుమ... సలాలాలో కొబ్బరికాయలకు కరువా! బాపుతో పనిచేసే మా ఊరాయన మల్లేశం కాక "జరుగుండ్రి, జరుగుండ్రి" అంటూ కాయ పైకెత్తి, లారీ బంపర్ మీద కొట్టే అలవాటు కొద్దీ, కారు ముక్కు మీద ఫెడీమని కొట్టాడు.

కాయ పగల్లేదు. కారు పగిలింది!

"ఓరి నీ చేతులు పడిపోను! గిది ఇనుమనుకున్నవారా?" అని అరిచాడు బాపు. పగులు ముక్కు నుంచి ముందు అద్దం దాకా పాకింది. చెయ్యి పెడితే అద్దం ఊగుతోంది. అమ్మ పొట్ట మీద చెయ్యి వేసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇంజనీరు వదిలిపోయిన సామానులో ఫైబర్ గుడ్డ, జిగురు డబ్బా ఉన్నాయి. బాపు జిగురులో గట్టిపడే మందు కలిపి, పగులు మీద గుడ్డ పరిచి, పొర మీద పొర పూశాడు. మామూలుగా అయితే పూట తిరక్కుండా రాయైపోతుందట. కానీ అది ఖరీఫ్... సలాలాకు వానాకాలం. మిగతా ఒమన్ ఎండకు మాడిపోతుంటే మాకు పొగమంచు, రోజంతా సన్నటి తుంపర. ఉతికిన బట్టలే ఆరవు, అతుకేం ఆరుతుంది?

వేలు పెట్టి చూస్తే జిగట. టార్పాలిన్ కప్పి, లోపల పెద్ద బల్బు వేలాడదీశాడు. మళ్లీ వేలు... మళ్లీ జిగటే. "ఇంకింత మందు కలుపరాదే" అంటాడు కాక. "చిట్లుతది. నువ్వు నోర్ముయ్యి" అంటాడు బాపు.

అమ్మది ఒకటే ప్రశ్న. "గట్టిపడ్డదా?"

"పడ్తది, పడ్తది."

దేవుడి పటం ముందు నేను మొక్కిందీ అదే... ఆ జిగురు ఎండాలని!

ఎండక ముందే అమ్మకు నొప్పులొచ్చాయి. పట్టపగలు. పికప్ మళ్లీ సైట్‌లోనే!

"పోదాం పాండ్రి" అన్నాడు బాపు.

"అద్దం ఊడి మీద పడితే?" అన్నాడు కాక.

"నువ్వు పట్టుకో! పలగ్గొట్టింది నువ్వే గద!" అంది అమ్మ, పళ్లు బిగించుకుని.

కాక ముందు సీట్లో కూర్చుని రెండు చేతులతో అద్దం ఫ్రేము పట్టుకున్నాడు. వెనక అమ్మ తల నా ఒళ్లో. కారు పైకప్పు గుడ్డదే... అది కారి నెత్తిన చుక్కలు. మట్టి రోడ్డు... ప్రతి గుంతకూ కటకటమని చప్పుడు. మెల్లగా పోతే అమ్మ "జల్ది పోనీయ్" అని, జోరు పెంచితే కాక "పలుగుతది, పలుగుతది" అని ఒకటే అరుపులు. నేను అమ్మ తల కదలకుండా పట్టుకున్నాను.

అంతలో దారికి అడ్డంగా ఒంటెల మంద! హారన్ కొడితే కదలవు. బాపు దిగి, తుంపరలో నిలబడి, చేతులు జోడించాడు... ఒంటెలకు! నవ్వు రాలేదు. తమ్ముడు పోయిన ఆ ఏడాది మళ్లీ తిరిగొచ్చినట్టే అనిపించింది నాకు. అమ్మ గోళ్లు నా మోకాలిలో దిగాయి. ఒకటి కదిలింది... దాని వెనక మిగతావి.

ఆసుపత్రి చేరాం. అతుకు నిలిచింది. కాక వేళ్లు మాత్రం కొయ్యబారి ముడుచుకుపోయాయి.

చాలాసేపటికి నర్సు బిడ్డతో బయటికి వచ్చింది. చెల్లి! గుక్కపట్టి ఏడుస్తున్న చెల్లి... ఆ ఏడుపంత తియ్యటిది నేను మళ్లీ వినలేదు.

బాపు చేతులు చాచాడు. వెంటనే వెనక్కి లాక్కున్నాడు. ఫైబర్ గుడ్డలోని సన్నటి గాజు పోగులు అరచేతుల నిండా గుచ్చుకుని, ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"పసిగుడ్డుకు గుచ్చుకుంటయ్... నువ్వు పట్టు బిడ్డా" అని నా ఒళ్లో పెట్టించాడు. తను చేతులు వెనక్కి కట్టుకుని, వంగి చూస్తూ నిలబడ్డాడు. కారుతున్న కళ్లు తుడుచుకోవడానికి కూడా ఆ చేతులు పనికిరాలేదు.

ఇప్పుడు ఫోన్‌లో వేలు ఆనిస్తే గుమ్మంలోకి కారొస్తుంది. దిగాక దాని రంగు కూడా గుర్తుండదు. మంచిదే లెండి, ఆ భయం పగవాళ్లకు కూడా వద్దు. కానీ "బాపు నన్ను మొదట ఎత్తుకోలేదా?" అని చిన్నప్పటి నుంచీ అలిగే మా చెల్లి, బాపు పోయాక ఆ గాజు పోగుల చేతులు తలుచుకుని ఆ మాట అనడం మానేసింది...

మీ ఇంటికి మొదటి బండి ఎవరి కోసం వచ్చిందో చెప్పండి... వింటాను.