కుళాయి ఫోటోకి రెండో వైపు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది. అది జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా చెలామణీ కాలేదు. ఊరందరికీ ఆయన కత్తెరాయన. అలాగని బట్టలు కుట్టేవాడు కాదు, జుట్టు కత్తిరించేవాడూ కాదు. మునిసిపాలిటీ వారి రీడింగ్ రూము చూసుకునే మనిషి. ఒక పొడవాటి గది, మూడు బల్లలు, ఒక కాలు పొట్టిదైన బెంచీ, గోడమీద ‘నిశ్శబ్దం’ అన్న బోర్డు, సరిగ్గా దాని కిందే కూర్చుని గొంతులు చించుకునే రిటైరైన పెద్దమనుషులు. ముప్పై ఏళ్ళుగా ఇదే ఆయన లోకం.

సాయంత్రం పెద్దమనుషులు ఇళ్ళకి పోయాక ఆయన అసలు పని మొదలయ్యేది. ముందురోజు పత్రికలు ముందేసుకుని కత్తెర తీసేవాడు. ఏ వార్డు నాయకుడు ఏం హామీ ఇచ్చాడు, ఎవరిమీద ఏ కేసు పడింది, ఎవరు ఏ పార్టీలోంచి ఏ పార్టీలోకి దూకారు, అన్నీ కత్తిరించి, పై అంచుకి మాత్రం జిగురు రాసి తెల్లకాగితానికి అంటించి, తేదీ వేసి, మనిషికో కట్ట చొప్పున బీరువాలో పెట్టేవాడు. ఎన్నికలొచ్చాయంటే చాలు, జనం వచ్చి కట్టలు అడిగి చదువుకునేవారు. అయిదేళ్ళ కిందటి హామీ చదివి పకపకా నవ్వుకునేవారు. అభ్యర్థులకు ఆయనంటే లోపల బెదురు, పైకి మర్యాద.

“నా మాట ఒక్కటీ కలపను. అచ్చయింది ఉంచుతాను, అంతే,” అనేవాడు కత్తెరాయన, అడిగినా అడక్కపోయినా. ఏది ఉంచాలో ఎంచేవాడు తన మాట కలిపినట్టే కదా అని ఆయన్ని ఎవరూ అడగలేదు. భార్య ఒకసారి అడిగింది గానీ, భార్య అడిగినవాటికి జవాబు చెప్పాలని ఏ మొగుడి నిబంధనల్లోనూ రాసిలేదు కాబట్టి ఊరుకున్నాడు.

ఆ ఏడాది వార్డు ఎన్నికల్లో ఇద్దరే గట్టిగా నిలబడ్డారు. ఒకరు కాంట్రాక్టరు. మూడుసార్లు గెలిచినవాడు, కట్ట దిండంత లావు. రెండోది ఆయమ్మ. ఊరి ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్ళు ఆయాగా చేసి రిటైరైంది. ఆ వార్డులో సగంమందిని పుట్టగానే ఎత్తుకున్నది ఆమే. “మీ అందరినీ బట్టల్లేకుండా చూసినదాన్ని, నా దగ్గర మీకు మొహమాటం దేనికి?” అని ఓట్లడుగుతుంటే ముసలివాళ్ళు కూడా పడీపడీ నవ్వేవారు. మూసేసిన మందుల కేంద్రాన్ని తెరిపిస్తానని ఒక్కటే హామీ. ఆమెకు బ్యానర్లు లేవు, బళ్ళు లేవు. అయినా గాలి ఆమె వైపే ఉందని గడ్డం గీసే దుకాణంలో కూడా చెప్పుకుంటున్నారు.

పోలింగుకి వారం ఉందనగా కాంట్రాక్టరు ఏజెంటు రీడింగ్ రూముకి వచ్చాడు. నెమ్మదైన మనిషి. మాట వింటే వెన్న.

“ఇద్దరి కట్టలూ ఇవ్వండి సార్. మావాడిది కూడా చూస్తాను, న్యాయం న్యాయమే కదా,” అన్నాడు.

కత్తెరాయన రెండూ ఇచ్చాడు. ఆయమ్మ కట్టలో ఉన్నవి రెండే కాగితాలు. ఒకటి ఆమె నామినేషన్ వార్త. రెండోది పదకొండేళ్ళ కిందటిది: ‘ఆసుపత్రి మందులు మాయం: ఆయా పట్టివేత’. అది ఇన్నాళ్ళూ ఆసుపత్రి కట్టలో ఉంది. ఆమె నామినేషన్ వేసిన రోజున కత్తెరాయనే తీసి ఈ కట్టలోకి మార్చాడు. దాచడానికి మనమెవరం అనుకున్నాడు. ఏజెంటు తనవాడి కట్ట తెరవనేలేదు. ఆ ఒక్క కాగితం జిరాక్సు తీయించుకుని, తిరిగిచ్చి, దణ్ణం పెట్టి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున ప్రతి గుమ్మంలోనూ కరపత్రం. తిట్లు లేవు, ఆరోపణలు లేవు. పాత వార్త ఉన్నదున్నట్టు అచ్చువేసి, పైన ‘చదవండి, మీరే తేల్చుకోండి’ అని, కింద ‘ఆధారం: మునిసిపల్ రీడింగ్ రూము’ అని వేశారు. ఆ కింది ముక్క చదవగానే కత్తెరాయనకు ఏమనిపించిందో చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. సంతోషం వేసింది. ముప్పై ఏళ్ళ చాకిరీకి ఊరు తన గదిని ఆధారం అని అచ్చులో ఒప్పుకుంది. భార్యకు చూపించాడు కూడా. ఆవిడ చదివి కాగితం మడిచి, “నన్ను పురిట్లోంచి లేపింది ఈవిడే,” అని మాత్రం అంది.

సాయంత్రానికి వీధులు మారిపోయాయి. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. ఆసుపత్రి మందులే తిన్నది రేపు వార్డుని మిగులుస్తుందా అన్నారు. నిన్నటిదాకా ఆమె జోకులకి నవ్వినవాళ్ళే, ఆమె కనబడితే ఏదో పనున్నట్టు లోపలికి పోయారు.

ఆ మరుసటి రోజు ఆయమ్మ రీడింగ్ రూముకి వచ్చింది. ఎండన పడి నడిచి వచ్చిందేమో, కాసేపు బల్ల పట్టుకుని నిలబడింది.

“అయ్యా, నామీద పడ్డప్పుడు రాశారు, సరే. నెల తిరక్కుండా నాది తప్పు కాదని కూడా రాశారు. స్టోరు గుమాస్తా పట్టుబడ్డాడు కదా. అది కూడా మీ దగ్గర ఉంటుంది. అది ఇస్తే నేనూ జిరాక్సు తీయించుకుంటాను,” అంది.

కత్తెరాయన ఆమె కట్ట చూశాడు. ఆసుపత్రి కట్ట చూశాడు. ఎక్కడా లేదు.

“రాసి ఉండరమ్మా. రాస్తే నా దగ్గర ఉండేది.”

“రాశారయ్యా. ఆరు లైన్లు. నేను కళ్ళతో చదువుకున్నాను.”

“పాత పేపర్లు ఏటా తీసేస్తామమ్మా, చోటు చాలదు. ఆ పత్రిక కూడా మూతపడి చాలా ఏళ్ళయింది.”

“ఆసుపత్రిలో అడిగితే ఫైలు వెతకాలి, పెద్దాయన సెలవులో ఉన్నారు, పోలింగయ్యాక రమ్మన్నారు.” ఆమె నిట్టూర్చింది. “సర్లెండి. మీ దగ్గర లేదంటే ఇంక ఎక్కడా ఉండదు. మిమ్మల్ని శ్రమపెట్టాను.”

ఆమె అటు వెళ్ళిందో లేదో, మూల వీధి దర్జీ వచ్చాడు. ఆయమ్మ పక్షం మనిషి, మంటమీద ఉన్నాడు. “ఆ కాంట్రాక్టరు కట్ట ఇటివ్వండి. మా వీధిలో కుళాయి ప్రారంభించింది ఏ సంవత్సరమో చూడాలి. ఫోటో తీసినంతసేపు నీళ్ళొచ్చాయి, మళ్ళీ ఈరోజుదాకా చుక్క లేదు. నేనూ కరపత్రం వేస్తాను,” అన్నాడు.

కత్తెరాయన కట్ట విప్పి ఆ ఫోటో తీశాడు. కాంట్రాక్టరు కుళాయి తిప్పుతున్నాడు, చుట్టూ చప్పట్లు. తేదీ రాసుకోవడానికి దర్జీ కాగితం ఎత్తి కిటికీ వెలుగులో పెట్టాడు. వెలుగు కాగితంలోంచి ఇవతలికి వచ్చింది. కాంట్రాక్టరు చొక్కామీద ఎవరో గీకినట్టు వెనకవైపు అక్షరాలు కనబడ్డాయి. దర్జీ అవేమీ పట్టించుకోలేదు. తేదీ రాసుకుని వెళ్ళిపోయాడు.

గది ఖాళీ అయ్యాక కత్తెరాయన ఫోటోని పైకెత్తి వెనక్కి తిప్పాడు. ఆరు లైన్లు. కుడి పక్కన కొసలు కత్తెరకి పోయాయి. ‘మందుల చోరీతో ఆయాకు ఎలాంటి సంబం’ దగ్గర ఒక లైను తెగింది. ‘స్టోరు గుమాస్తాను సస్పెం’ దగ్గర ఇంకోటి.

పత్రిక కాగితానికి రెండు వైపులుంటాయి. ఒక వైపు కోస్తే రెండో వైపు తెగుతుంది. అందుకే కోసే ముందు వెనక్కి తిప్పి చూడడం ఆయనకు అలవాటు. ఏది బరువైనదో ఎంచి, అటు అంచులు వదిలి, ఇటు కోసేవాడు. గదికి వచ్చేది ఒకటే ప్రతి. ఆ రోజూ తిప్పి చూశాడు. ఆయనకు బాగా గుర్తుంది. ఆరు లైన్లూ చదివాడు. ఆయా సంగతి రేపు ఎవరు అడుగుతారు, వార్డు మెంబరు ఫోటో అయితే పదిమందీ అడుగుతారు అనుకున్నాడు. ఫోటో చుట్టూ నీటుగా కోశాడు. ఇలా అనుకోవడానికి ఆయనకు పట్టింది అరనిమిషం.

పోలింగు అయిదు రోజుల్లో ఉంది. ఆ కాగితం ముక్క జేబులో పెట్టుకుని వీధిలోకి వెళ్తే చాలు. కానీ వెళ్తే, ఇదెక్కడ దొరికిందంటారు. ఇన్నాళ్ళూ ఎందుకు లేదంటారు. అయితే మిగతా కట్టల్లో ఇంకెన్ని తెగ్గోశావు అంటారు. ఆ రాత్రి భోజనం దగ్గర మింగలేక కక్కలేక భార్యతో చెప్పాడు. చూశానని చెప్పలేదు, దొరికిందని చెప్పాడు.

“అయితే ఇంకా ఇక్కడ కూర్చున్నారేం?” అందావిడ.

“ముప్పై ఏళ్ళ పేరే. ఒక్క ముక్కకి పోతుంది.”

“ఆవిడ పేరు పోయి రెండు రోజులైంది.”

ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. తప్పంతా నాదేనా అని తనలో తను వాదించుకున్నాడు. రాసినవాడు విలేకరి, పంచినవాడు ఏజెంటు, నమ్మినవాళ్ళు జనం. తిలాపాపం తలా పిడికెడు. అలా పంచుకుంటూ పోయినా ఆఖరికి తన చేతిలో ఉన్నది పిడికెడుకంటే ఎక్కువగానే కనబడింది. గదిలో ఎవరు ‘దొంగ’ అన్నా, అది సైకిల్ దొంగ గురించైనా సరే, ఉలిక్కిపడేవాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆయన బతుకు.

ప్రచారం ముగిసే రోజున ధైర్యం చేసి బయల్దేరాడు. ఆయమ్మ వీధి మొదటికి చేరాడు కూడా. అక్కడ ఏజెంటు ఎదురయ్యాడు.

“నమస్తే సార్. అంతా మీ దయ,” అని రెండు చేతులూ ఎత్తాడు.

పక్కన పదిమంది ఉన్నారు. అందరూ కత్తెరాయన వంక చూశారు. ఆయన తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా, ఏదో మరిచిపోయినవాడిలా జేబు తడుముకుని వెనక్కి తిరిగాడు.

పోలింగు రోజు ఆయమ్మ గుర్తుకే ఓటు వేశాడు. బయటికి వస్తుంటే గుండె కొంచెం తేలికైనట్టే అనిపించింది. లెక్కింపులో ఆమె నలభై ఒక్క ఓట్ల తేడాతో ఓడిపోయింది. నలభై ఒకటి. ఇరవై ఒక్కమంది అటునుంచి ఇటు వచ్చి ఉంటే సరిపోయేది. దర్జీ ఇంటి చుట్టుపక్కలే అంతమంది ఉంటారు. ఆ లెక్క వేసుకున్నాక ఆయనకు అన్నం సయించలేదు.

ఫలితాలు వచ్చిన మూడోరోజున వెళ్ళాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా వెళ్ళాడు. ఆయమ్మ ఇంటి ముందు తీగమీద దుప్పట్లు ఆరేస్తోంది. ఆయన కాగితం ఇచ్చాడు. ఆమె చెయ్యి తుడుచుకుని అందుకుంది. కళ్ళకి దూరంగా పట్టుకుని తెగిన లైన్లన్నీ చదివింది. తిప్పి కుళాయి ఫోటో చూసింది. మళ్ళీ తిప్పింది.

“వెనక్కి తిప్పి చూసుకోలేదమ్మా,” అన్నాడు కత్తెరాయన. “చూసుకోకుండా కోసేశాను. మొన్న కనబడింది.”

“మొన్నంటే?”

“మీరు వచ్చి వెళ్ళిన రోజునే.”

పోలింగుకి ఎన్ని రోజుల ముందో ఆమె లెక్కపెట్టుకుంది. కోప్పడితే బాగుండును అనుకున్నాడాయన. ఆమె కోప్పడలేదు.

“నేను మీకే వేశానమ్మా,” అన్నాడు, ఏదో ఒకటి అనాలని.

“మీరు వేశారు, తెలిసి వేశారు. మిగతావాళ్ళు నేను దొంగనేమో అనుకుంటూనే వేశారు. పోనీలే, పుట్టగానే ఎత్తుకున్న చెయ్యి కదా అని జాలిపడి వేశారు,” అంది. దుప్పటి కొస లాగి సరిచేసింది. “అది పోనీండి. ఇప్పుడు దీన్ని గోడలకి అంటిస్తే ఓడిపోయి ఏడుస్తోందంటారు. మీరు ఒక్క పని చెయ్యండి. లోపల మా కోడలుంది. కాపురానికి వచ్చి ఏడాది కాలేదు. ఆ కరపత్రం వచ్చిన రోజునుంచీ బీరువాకి తాళం వేసి, తాళంచెవి తలగడ కింద పెట్టుకుని పడుకుంటోంది. నేను చెప్తే నమ్మదు, చెప్పుకోవడం నాకూ ఇష్టం లేదు. కాగితంలో ఉన్నది నమ్మింది కదా. కాగితాలాయన చెప్తే నమ్ముతుంది.”

ఆయన లోపలికి వెళ్ళాడు. చిన్న గది, ఒక మంచం, ఒక బీరువా. కోడలు మంచంమీంచి లేచి నిలబడింది. ఆయన్ని ఎప్పుడో చూసినట్టుంది, గుర్తుపట్టింది.

“అమ్మా, మీ అత్తగారు ఏ తప్పూ చెయ్యలేదు. ఆ సంగతి అప్పుడే పేపర్లో వచ్చింది. ఇదిగో.”

ఆమె కాగితం అందుకుంది. రెండుసార్లు చదివింది. “ఇంత ముఖ్యమైనది ఇలా సగానికి ఎందుకు కోశారండీ?” అంది. నిలదీయడం కాదు, అర్థంకాక అడిగింది.

చూసుకోలేదమ్మా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. బయట సులువుగానే వచ్చిన మాట. ఇక్కడ ఆ పిల్ల ఆయన మొహంలోకే చూస్తోంది, నమ్మాలా వద్దా అని. చూసుకోకుండా కోసే మనిషి ఇచ్చిన కాగితమైతే ఈ ముక్క మాత్రం ఎందుకు నమ్మాలి?

“చూశానమ్మా,” అన్నాడు. “తిప్పి చూశాను, ఆరు లైన్లూ చదివాను. చదివే కోశాను. ఆయా సంగతి ఎవరికి కావాలిలే అనుకున్నాను.”

కోడలు ఆయన భుజం మీదుగా వాకిలి వైపు చూసింది. అక్కడ ఖాళీ బకెట్ కింద పెట్టిన చప్పుడైంది. ఆయమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నదని ఆయనకు తెలిసింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.