బోర్ కొడ్తాంది

మొన్న రాప్తాడు దగ్గర బస్సు ఆగితే తడిసిన రాతిపొడి వాసన వచ్చింది. రోడ్డు పక్క చేనులో బోరు వేస్తున్నారు. నాకు నా చిన్ననాటి ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది.

అప్పుడే బడిలో టీచరమ్మ కూతురి దగ్గర కొత్త మాట నేర్చుకున్నాను. ఇంటికొచ్చి గొప్పగా అన్నాను: "బోర్ కొడ్తాంది నాయనా!"

సంగటి తింటున్న నాయన చటుక్కున లేచాడు. "యాడ కొడ్తాండారు? పక్క చేన్లోనా?" అంటూ ఎంగిలి చేత్తోనే వాకిట్లోకి పరుగెత్తాడు.

నేను పడీపడీ నవ్వాను. "బోర్ అంటే ఏమీ తోచడం లేదని!"

నాయన నవ్వలేదు. చెవి రిక్కించి నిలబడ్డాడు. "నవ్వద్దు పాపా. వాళ్లు మనకంటే లోతు ఏసినారంటే మన చీనీచెట్లు ఎండిపోతాయి."

ఇంగ్లీషులో ఆ మాటకు మొదటి అర్థం రంధ్రం చేయడమేనని పెద్దయ్యాక చదివాను. విసుగు అనే అర్థం ఎక్కడి నుంచి వచ్చిందో పండితులూ తేల్చలేదట.

ఆ వారంలోనే పక్క చేనులోకి బోరులారీ వచ్చింది. మా ఇంటి గచ్చు కూడా అదిరింది. తర్వాత ఒక పొద్దున మా బత్తాయి చెట్లకు నీళ్లు పెడదామని నాయన మోటారు వేస్తే, మా బోరు గొట్టంలోంచి గాలి మాత్రమే వచ్చింది. ఆయన దాని కింద అరచేయి పట్టి చాలాసేపు నిలబడ్డాడు.

ఎన్నాళ్లుగానో ఏ కబురుకు భయపడుతున్నాడో, ఆ మధ్యాహ్నం నా నోట ఆయనకు అదే వినిపించిందని ఇప్పుడు అర్థమవుతోంది.